ఇన్‌స్టాల్ అయింది సరే, తెల్లారి సంగతేమిటి?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు,



2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు ఎనిమిదో తరం నుంచి ఉండాలి. బడుల కంప్యూటర్ గదుల్లో గుడ్డ కప్పుకుని కూర్చున్న పాత పెట్టెలకు ఆ యోగం లేదు. కాబట్టి వాటిలో విండోస్ బదులు లైనక్స్ వేసే ఫైలు ఇవాళో రేపో మీ బల్ల మీదికి వస్తుంది. రావాలి కూడా. డబ్బు మిగలడం చిన్న కారణం. పిల్లలు విప్పి చూసుకోగల, మార్చుకోగల, కాపీ చేసి ఇంటికి పట్టుకుపోగల సాఫ్ట్‌వేర్ బడిలో ఉండటం పెద్ద కారణం. ఈ రెండూ మీకు చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. నేను రాస్తున్నది ఇన్‌స్టాలేషన్ పూర్తయ్యాక జరిగేదాని గురించి.

ఫైల్లో రాసుకునేది ఇన్ని బడుల్లో ఇన్ని కంప్యూటర్లకు ఇన్‌స్టాల్ చేశామని. అది తేలిక పని. పెన్‌డ్రైవులో డెబియన్ అనే లైనక్స్ వేసుకొచ్చిన కుర్రాడు సాయంత్రానికి గదంతా ముగించి వెళ్ళిపోతాడు. ఆ పెట్టె బడికి పనికొచ్చేలా తయారయ్యేది ఆ తర్వాతే. ఆ పనికి మాత్రం మీ లెక్కల్లో పద్దు ఉండదు.

చిన్నదే చూడండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అక్కడ ఏదైనా కొడితే డెబియన్ మొదటి యూజరుకు సుడో హక్కు (అడ్మినిస్ట్రేటరు అధికారం) ఇవ్వదు, ఖాళీగా వదిలేస్తే ఇస్తుంది. కుర్రాడు ఏదో కొట్టి, అదేమిటో ఎవరికీ చెప్పకుండా పోతాడు. మర్నాడు లెక్కల మాస్టారు కొత్త ప్రోగ్రాం ఎక్కించబోతే, మీకు అధికారం లేదు, ఈ సంగతి అడ్మినిస్ట్రేటరుకు తెలియజేశాం అన్న అర్థంలో ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వస్తుంది. (ఆ కబురు అదే పెట్టెలో ఓ మూల పడి ఉంటుంది, ఎంఈఓ గారికేమీ వెళ్ళదు.) మాస్టారు మళ్ళీ ఆ పెట్టె ముట్టుకుంటే ఒట్టు. డీవీడీ ఇమేజితో ఇన్‌స్టాల్ చేసినచోట ఇంకో తమాషా. ఏది దించుకోబోయినా డిస్కు పెట్టి ఎంటర్ నొక్కమంటుంది, చూస్తే పెట్టెకు డీవీడీ డ్రైవే ఉండదు. ప్రోగ్రాంలు ఎక్కడినుంచి దించాలో రాసి ఉండే సోర్సెస్ లిస్టులో ఒక వరస తీసేస్తే తీరిపోయే గొడవ, కానీ ఆ వరస సంగతి ఎవరు చెప్పాలి?

వైఫై కాస్త నయం. చాలా కార్డులకు కావలసిన ఫర్మ్‌వేర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు కనుక డెబియన్ దాన్ని ఏళ్ళ తరబడి అధికారిక ఇన్‌స్టాలర్లో చేర్చలేదు. 2022లో డెవలపర్లు ఓట్లు వేసుకుని పద్ధతి మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది. సిద్ధాంతం గట్టిగా పట్టుకున్నవాళ్ళకు ఇది ఇప్పటికీ రుచించదు. బడి విషయంలో నా ఓటు వైఫై పనిచెయ్యడానికే. 32-బిట్ తప్ప తెలియని మరీ పాత పెట్టెలుంటే వాటి మీద ఆశ వదులుకోండి, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలర్ లేదు.

అసలు కష్టం తెలుగు దగ్గర. తెర మీద కనిపించడం ఎప్పుడో తీరిన సమస్య. లోహిత్, నోటో ఫాంట్లున్నాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన గురజాడ, మండలి, పొన్నాల, సూరన్న లాంటివీ స్వేచ్ఛా లైసెన్సుతోనే దొరుకుతాయి. ఒత్తు కింద ఒత్తును సరిగా కూర్చోబెట్టే హార్ఫ్‌బజ్ లైబ్రరీ ఫైర్‌ఫాక్స్‌లోనూ లిబ్రెఆఫీస్‌లోనూ ఉంది. చదువుకోవడానికి లోటు లేదు, చిక్కంతా రాయడంలో.

రాయడానికి టైపింగు పద్ధతులు మార్చే ఐబస్, దానికి తోడు లేఅవుట్లు ఇచ్చే ఎం17ఎన్ వేసుకోవాలి. అందులో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, యాపిల్ లేఅవుట్లన్నీ ఉన్నాయి. వేశాక లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ కావాలి. పాత పెట్టెలకు సరిపడే ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలిక డెస్క్‌టాప్‌లో ఐబస్‌నే వాడమని విడిగా చెప్పాల్సి రావచ్చు. తెలిసినవాళ్ళకు ఐదు నిమిషాల పని. తెలియని టీచరుకు మెనూలో తెలుగు కనిపించదు, లైనక్స్‌లో తెలుగు రాదట అన్న మాట మండలమంతా పాకిపోతుంది.

కనిపించినా, ఏ లేఅవుట్ పెట్టాలి? డీటీపీ సెంటర్లో అను స్క్రిప్ట్ సాఫ్ట్‌వేర్ మీద యాపిల్ కీబోర్డుకు చెయ్యి తిరిగిన గుమాస్తాకు ఇన్‌స్క్రిప్ట్ ఇస్తే వేళ్ళు కదలవు. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పిల్లలకు ఆర్‌టీఎస్ దగ్గరి చుట్టం. నేనైతే ఆఫీసు పెట్టెలో యాపిల్, పిల్లల పెట్టెల్లో ఇన్‌స్క్రిప్టూ ఆర్‌టీఎస్సూ పెడతాను. ఆరో తరగతి నుంచి ఇన్‌స్క్రిప్టే నేర్పడం మేలంటాను, భారతీయ లిపులకు దాని వరస దాదాపు ఒకటే కనుక. కాదని వాదించేవాళ్ళున్నారు, వాదించనివ్వండి. ఏదైతేనేం, బడి తలుపు తీసేటప్పటికి నిర్ణయం జరిగిపోయి ఉండాలి, కీబోర్డు బొమ్మ అచ్చేసి గోడకు అంటించి ఉండాలి. ‘ఇన్‌స్పెక్టర్’ అని కొట్టేటప్పుడు న కింద స ఒత్తు పడకుండా విడదీసే కీ ఎక్కడుందో ఆ బొమ్మ మీద ఎర్ర సిరాతో చుట్టండి. దానికోసం వెతికి విసిగిపోయిన టీచర్లను చాలామందిని చూశాను.

అను మాట ఎలాగూ వచ్చింది. బడుల్లోని పాత ప్రశ్నపత్రాలు, నోటీసులు చాలావరకు అను ఫాంట్లలోనే ఉన్నాయి. అది యూనికోడ్ కాదు. లోపలున్నవి ఇంగ్లీషు సంకేతాలే, ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఆ ఫాంటు లేని లైనక్స్‌లో తెరిస్తే వేషం ఊడిపోయి పిచ్చి గుర్తులు బారులు తీరతాయి. కొత్త సిస్టం ఫైళ్ళన్నీ పాడుచేసిందని హెడ్‌మాస్టరు గారు గగ్గోలు పెడతారు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి గానీ మనిషి కూర్చుని చదివి దిద్దక తప్పదు. ఆ భారం ఒక్కో బడి మీద వేస్తే అయ్యే పని కాదు, శాఖే పూనుకోవాలి. ముందుగా మీ కార్యాలయం నుంచి కిందికి వచ్చే ప్రతి కాగితం యూనికోడ్‌లో ఉండేలా చూస్తే కొత్త చెత్త పేరుకోవడమైనా ఆగుతుంది. ఇంకో చిన్న సర్దుబాటు ఉంది. లిబ్రెఆఫీస్ ఇంగ్లీషుకు ఒక ఫాంటు, మన లిపికి వేరే ఫాంటు విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. రెండోది ముందే పెట్టి ఉంచాలి.

ఇక ప్రింటరు. కానన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 కనిపించని ఆఫీసుండదు. గట్టి యంత్రాలే. కానీ 1020లో ఫర్మ్‌వేర్ నిలవదు, స్విచ్ వేసినప్పుడల్లా కంప్యూటరే దాన్ని పంపాలి. లైనక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్ల సాఫ్ట్‌వేర్ హెచ్‌పీలిప్‌తో నడపాలంటే కంపెనీవాళ్ళు సోర్సు ఇవ్వని ప్లగిన్ ఒకటి నెట్ నుంచి దించుకోవాలి. 2900 ఇంకా మొండిది. కానన్ సొంత క్యాప్ట్ పద్ధతి తప్ప దానికి ఇంకోటి తెలియదు, లైనక్స్‌లో దాన్ని కదిలించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. అదే ఐపీపీ అనే ప్రామాణిక పద్ధతితో డ్రైవరు లేకుండా నడిచే ప్రింటరైతే నెట్‌వర్క్‌కు తగిలించగానే లైనక్స్ ప్రింటింగ్ వ్యవస్థ కప్స్ తనంతట తనే పట్టుకుంటుంది. ఇకమీద కొనే ప్రింటర్ల టెండర్లో ఆ షరతు ఒక్క వాక్యం చేర్చడానికి రూపాయి ఖర్చుండదు.

గదిలో ఇరవై పెట్టెలుంటే ఇరవయ్యీ అవే అప్‌డేట్లను విడివిడిగా దించుకుంటే బడి నెట్ కూలబడుతుంది. ఒక పెట్టెలో అప్‌డేట్లు దాచి పంచే ఆప్ట్ క్యాషర్ పెడితే ఒకసారి దించింది అందరికీ సరిపోతుంది. గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీలు కూడా మార్పించండి. అవి అయిపోయిన పెట్టెల్లో గడియారం వెనక్కి పోతుంది, నెట్ నుంచి సరైన టైము అందకపోతే బ్రౌజరు ఏ సైటునూ నమ్మదు, అప్‌డేట్ కూడా ఈ ఫైలు తేదీ ఇంకా రాలేదు పొమ్మంటుంది.

ఇవన్నీ ప్రతి బడీ మొదటినుంచి తంటాలు పడి కనుక్కోనక్కర్లేదు. కీబోర్డు, ఫాంట్లు, ప్రింటరు, క్యాషరు, లిబ్రెఆఫీస్ అమరికలన్నీ ఒకే ప్యాకేజీలో కట్టొచ్చు. ఒక్క కమాండుతో అన్నీ దిగుతాయి. నార్వేలో 2001లో స్కోలెలైనక్స్‌గా మొదలైన డెబియన్ ఎడ్యు బడికోసం ముందే సర్దిపెట్టిన డెబియన్. తెలుగు బడి సరంజామా దాని మీద కట్టుకోవచ్చు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవాళ్ళు తెలుగులో ఇలాంటి పని ఏళ్ళ తరబడి చేశారు, వాళ్ళను పిలిచి మాట్లాడండి. రెండు రాష్ట్రాలకూ ఒకే ప్యాకేజీ చాలు. నీళ్ళ పంపకం కాదు కదా, కాపీ చేసుకుంటే తరగదు. సోర్సు బయట పెట్టండి, దిద్దుబాట్లు మళ్ళీ డెబియన్‌కే పంపండి.

ప్యాకేజీ వచ్చినా చూసుకునే మనిషి కావాలి. ఏజెన్సీలు కంప్యూటర్లు పెట్టి, కొన్నేళ్ళు నడిపి, బడికి అప్పగించే బూట్ (బీఓఓటీ) ఒప్పందాలు ముగిసి ఇన్‌స్ట్రక్టర్లు వెళ్ళిపోయాక కంప్యూటర్ గదులు ఏమయ్యాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. కేరళలో ఐటీ@స్కూల్ ప్రాజెక్టు, దాని తర్వాత వచ్చిన కైట్ సంస్థ టీచర్లకే శిక్షణ ఇచ్చి, ఉబుంటు మీద మలయాళంతో సొంత సిస్టం కట్టి బడులకు పంపాయి. 2018లో హైస్కూళ్ళలో లిటిల్ కైట్స్ పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టారు. తొమ్మిదో తరగతి పిల్లకు సుడో పాస్‌వర్డ్ ఇస్తే కొంప మునుగుతుందని మనవాళ్ళు భయపడతారు. మునగదు. చెడిపోతే మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తుంది, ఆ పెట్టె అక్కడున్నది అందుకే.

టెండరు పిలిస్తే బిల్లుకు ఒకే పరీక్ష పెట్టండి. ఏజెన్సీ మనిషి గది బయట నిలబడి ఉండగా, ఆ బడి తెలుగు టీచరు తనంతట తాను పెట్టె ఆన్ చేసి, యూనిట్ టెస్టు ప్రశ్నపత్రం ఒక పేజీ తెలుగులో కొట్టి, బడి ప్రింటరు మీదే అచ్చు తియ్యాలి. ఆ కాగితం మీద టీచరు సంతకం పెట్టించి బిల్లుకు జతచెయ్యమనండి. అది లేని బిల్లు పాస్ చెయ్యకండి.

ఇట్లు
బడుల్లో లైనక్స్ సర్దిపెట్టే ఒక కార్యకర్త