కుక్కపిల్లను పండగ వెళ్ళాక తెచ్చుకుందాం

బ్రిటన్‌లో చిన్నపిల్లలున్న ఇళ్ళలో డిసెంబరు వచ్చిందంటే కుక్కపిల్ల కావాలన్న గోల మొదలవుతుంది. స్కూళ్ళకు సుమారు రెండు వారాలు సెలవులు. అమ్మానాన్నలు కూడా ఇంట్లోనే ఉంటారు. క్రిస్మస్ పొద్దున చెట్టు కింద అట్టపెట్టె, మూత తీస్తే తొంగిచూసే బుజ్జి మొహం, పిల్లల కేరింతలు. చూడముచ్చటైన దృశ్యమే. అయినా ఆ దేశంలో జంతువుల బాగోగులు చూసే సంస్థలు దాదాపు అర్ధశతాబ్దంగా ఇలా చేయొద్దనే చెబుతున్నాయి. వద్దని ఊరుకోలేదు, ఎప్పుడు తెచ్చుకోవాలో, ఎలా తెచ్చుకోవాలో కూడా నేర్పాయి. అక్కడి అనుభవం మన ఇళ్ళకూ అక్కరకొస్తుందని నా నమ్మకం.

1978లో నేషనల్ కెనైన్ డిఫెన్స్ లీగ్ అనే సంస్థ కోసం క్లారిస్సా బాల్డ్విన్ ఒక నినాదం రాశారు. కుక్క క్రిస్మస్ ముచ్చట కోసం కాదు, అది బతికినన్నాళ్ళూ మన బాధ్యత అని దాని సారాంశం. 1891లో పుట్టిన ఆ సంస్థ 2003లో డాగ్స్ ట్రస్ట్‌గా పేరు మార్చుకుంది, నినాదాన్ని మాత్రం వదల్లేదు. కోవిడ్ కాలంలో ఇళ్ళలో ఉండిపోయిన జనం కుక్కపిల్లల కోసం ఎగబడినప్పుడు క్రిస్మస్ అన్నచోట లాక్‌డౌన్ అని మార్చి మళ్ళీ జనంలోకి తీసుకెళ్ళింది. తర్వాత వదిలేస్తారేమోనన్న భయం నిజమే అయింది. ఆఫీసులు తెరిచాక పెంచలేక వదిలించుకోవాలనుకున్న కుటుంబాలతో అక్కడి సంరక్షణ కేంద్రాల మీద భారం పడింది.

సెలవుల్లో అందరం ఇంట్లోనే ఉంటాం కదా, అప్పుడు తెస్తేనే మంచిది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఇక్కడే కుక్కపిల్ల వయసు సంగతి తెలుసుకోవాలి. పుట్టిన మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా అది లోకాన్ని నేర్చుకుంటుంది. ఆ రోజుల్లో ఏం చూస్తే, ఏం వింటే అదే మామూలు జీవితం అనుకుంటుంది. ఎనిమిదో వారంలో ఇంటికొస్తే నేర్చుకోవడానికి ఇక మిగిలేది ఆరు వారాలు. వాటిలో రెండు వారాలు పండగ సందడిలో గడిచిపోతే, ఇల్లంటే ఎప్పుడూ పదిమంది ఉంటారని, ఎవరో ఒకరు తనను ఎత్తుకునే ఉంటారని దానికి అలవాటవుతుంది. జనవరి మొదటి వారంలో పిల్లలు స్కూలుకు, పెద్దలు ఆఫీసుకు వెళ్ళిపోతారు. ఖాళీ ఇంట్లో అది తలుపు గీరుతుంది, అరుస్తుంది, చెప్పులు కొరుకుతుంది. పొగరు వల్ల కాదు, భయం వల్ల.

పండగ ఇంట్లో ఇంకో తంటా తిండి. బ్రిటన్ క్రిస్మస్ పుడ్డింగులోనూ, మిన్స్ పైలలోనూ ఎండుద్రాక్ష దండిగా పడుతుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్‌లోని థియోబ్రొమిన్ వాటికి విషం. షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్ రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడేస్తుంది. ఉడికిన కోడి ఎముక చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకోవచ్చు. చెట్టుకు కట్టిన మెరుపు తీగలను, లైట్ల వైర్లను పాలపళ్ళతో కొరకడం దానికి ఆట. వచ్చేపోయే చుట్టాల మధ్య ఎవరి చేతిలోంచి ఏం జారిందో గమనించే తీరిక ఎవరికీ ఉండదు.

పిల్లలకు కూడా ఇబ్బందే. కుక్కపిల్ల రోజుకు 18 గంటల దాకా నిద్రపోతుంది. నిద్ర చాలకపోతే చంటిపిల్లాడిలాగే చిరాకు పడుతుంది. దాని పళ్ళు సూదుల్లా ఉంటాయి. నాలుగేళ్ళ బాబు ముద్దుగా గట్టిగా వాటేసుకుంటాడు, అది విడిపించుకోవడానికి చెయ్యి కొరుకుతుంది, బాబు ఏడుస్తాడు. ఇంట్లో పెద్దలు కుక్క మంచిది కాదనేస్తారు. తప్పు బాబుదీ కాదు, కుక్కపిల్లదీ కాదు.

అందుకే అక్కడి సలహాదారులు ఆశను చంపకుండా తేదీని మారుస్తారు. చెట్టు కింద కుక్కపిల్లకు బదులు దాని బెల్టు, గిన్నె, పరుపు, పెంపకం మీద ఒక పుస్తకం కాగితంలో చుట్టిపెట్టమంటారు. సెలవుల్లో పిల్లలు దానికి పేరు వెతుకుతారు, పడక ఎక్కడ వేయాలో చూస్తారు, పొద్దున్నే లేచి బయటికి తిప్పేది ఎవరో తేల్చుకుంటారు. స్కూళ్ళు తెరిచి ఇల్లు మామూలు దారిలో పడ్డాక కుక్కపిల్ల వస్తుంది. కొన్ని సంరక్షణ కేంద్రాలైతే క్రిస్మస్ రోజుల్లో కుక్కలను దత్తత ఇవ్వడమే ఆపేస్తూ వచ్చాయి.

వచ్చాక తొలివారం ఎలా ఉంటుందో చూడండి. హాల్లో ఒక మూల చిన్న కంచె, లోపల మెత్తటి పరుపు. అది కుక్కపిల్ల చోటు, పిల్లలు అందులో అడుగుపెట్టకూడదు. అది తనంతట తాను బయటికొచ్చినప్పుడు పాప నేల మీద కూర్చుంటుంది, ఎత్తుకోదు. నెత్తి మీద కాకుండా ఛాతీ దగ్గర 3 సెకన్లు నిమిరి చెయ్యి తీసేస్తుంది. కుక్కపిల్ల మళ్ళీ దగ్గరికి జరిగితే ఇంకోసారి నిమురుతుంది, మొహం తిప్పుకుంటే వదిలేస్తుంది. అది గెంతుతూ మీదికొస్తే పరుగెత్తకుండా, కేకలు పెట్టకుండా చేతులు కట్టుకుని నిలబడుతుంది. పక్కన పెద్దవాళ్ళు లేకుండా ఇద్దరినీ ఒకేచోట వదలరు. ఎదుటి ప్రాణికి కూడా ఇష్టాయిష్టాలుంటాయని ఐదేళ్ళ పిల్లకు చేత్తో తెలిసే పాఠం ఇది. దీన్ని మించిన పండగ కానుక ఉంటుందా?

బుద్ధి చెప్పడంతో సరిపోదని కూడా బ్రిటన్‌కు అర్థమైంది. క్రిస్మస్‌కు 8 వారాల పిల్ల కావాలంటే అది అక్టోబరు చివరికల్లా పుట్టి ఉండాలి. అందరికీ ఒకే రోజుకు కావాలంటే ఆ తేదీకి అందేలా తల్లికుక్కల చేత ఈనించే వ్యాపారం పుడుతుంది. వేల్స్‌లోని అలాంటి ఒక కేంద్రం నుంచి 2013లో కాపాడిన లూసీ అనే కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ ఆ వ్యాపారానికి సాక్షి. ఈతల మీద ఈతలతో చిక్కిపోయిన ఆ కుక్క 2016లో చనిపోయింది. మార్క్ ఏబ్రహం అనే పశువైద్యుడు, ఆయనతో కలిసినవాళ్ళు దాని పేరుతో ఉద్యమం నడిపారు. ఫలితంగా 2020 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లండ్‌లో వ్యాపారంగా కుక్కపిల్లలను పెంచేవాళ్ళు తప్ప మధ్యవర్తులు, పెట్ షాపులు 6 నెలల లోపు పిల్లలను అమ్మకూడదు. లైసెన్సున్న పెంపకందారు కూడా పిల్లను దాని తల్లితో కలిపి చూపించాలి. తల్లిని చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఆరోగ్యంగా ఉందా, మనిషిని చూసి తోక ఊపుతోందా, మూలకు నక్కుతోందా అన్నది కళ్ళముందే ఉంటుంది.

ఇక మన సంగతి. మనకూ చట్టం లేకపోలేదు. 2017లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి, 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయినా కన్ను తెరిచీ తెరవని పిల్లలను బుట్టల్లో పెట్టి అమ్మడం మన ఊళ్ళలో కనిపిస్తూనే ఉంటుంది. కొనేవాళ్ళు తల్లి ఏదని అడగరు. తల్లిపాలు సరిగా అందని ఆ పిల్లలకు పార్వో వైరస్ సోకితే, కొత్త ఇంటికొచ్చిన కొద్దిరోజులకే రక్త విరేచనాలతో ప్రాణం పోవచ్చు. ఆ దుఃఖం పసిమనసులో చాలాకాలం ఉండిపోతుంది.

మన సెలవులకు ఇంకో చిక్కుంది. బ్రిటన్ కుటుంబం క్రిస్మస్‌కు చాలావరకు ఇంటిపట్టున ఉంటుంది, మనం సంక్రాంతికి ఊరెళ్తాం. హైదరాబాద్ సగం ఖాళీ అయ్యే ఆ వారంలో కొత్త కుక్కపిల్ల బస్సులో ఒళ్ళో కూర్చోవాలి, లేదా వాచ్‌మన్ చేతిలో ఉండిపోవాలి. దీపావళికి తెస్తే టపాకాయల మోతే దాని తొలి జ్ఞాపకం అవుతుంది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల క్రైస్తవ కుటుంబాల్లో స్టార్ లైట్లు, ప్లమ్ కేకు, చికెన్ బిర్యానీ ఉంటాయి. పైన చెప్పిన కిస్‌మిస్ హెచ్చరిక, ఎముక హెచ్చరిక, వైర్ల హెచ్చరిక మన ఇంటికీ అక్షరాలా వర్తిస్తాయి. వేసవి సెలవుల్లోనైతే ఎండ. మంచుదేశపు హస్కీని, సెయింట్ బెర్నార్డ్‌ను 40 డిగ్రీల ఎండల్లో అపార్ట్‌మెంట్‌లో పెంచడం దాని ఒంటికి శిక్ష. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన పగ్‌ను చూసి దేశమంతా పగ్‌ల మీద పడింది. చప్పిడి ముక్కు వల్ల ఆ జాతికి ఊపిరి కష్టమని చాలామందికి తర్వాత తెలిసింది.

అక్కడి పద్ధతిలో మనం యథాతథంగా తీసుకోకూడనిది ఒకటుంది. బ్రిటన్‌లో కుక్కల రేబిస్ లేదు. అక్కడ కుక్కపిల్ల పన్ను గీరుకుంటే కడిగి మందు రాస్తే చాలనుకుంటారు. మన దగ్గర అలా కాదు. కొత్తగా వచ్చిన పిల్ల కొరికినా, రక్తం రాకుండా గోరు గీరుకున్నా కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. చిన్నపిల్ల కదా, దీనికేం రోగం అనుకోకూడదు. దానికి 3 నెలల వయసులో రేబిస్ టీకా, అంతకుముందే మిగతా టీకాలు పశువైద్యుడి చేత వేయించాలి. దెబ్బ తగిలితే తిడతారని దాచకుండా వెంటనే అమ్మకు చెప్పమని పిల్లలకు ముందే నేర్పాలి.

మనకున్న బలమూ తక్కువేం కాదు. చాలా ఇళ్ళలో నాయనమ్మో తాతయ్యో పగలంతా ఇంట్లో ఉంటారు. కుక్కపిల్లకు అంతకన్నా మంచి తోడు దొరకదు. కానీ వాళ్ళను ముందుగా అడగాలి. పిల్లలు అడిగితే నాన్న తెచ్చేసి, ఊడ్చి తుడిచే పని అమ్మ మీదో నాయనమ్మ మీదో పడే ఇంట్లో కుక్క కొన్నాళ్ళకే బరువైపోతుంది. ఇంకో మాట, మన ఎండకు, మన తిండికి తట్టుకునే దేశవాళీ పిల్లలు మన వీధుల్లోనే ఉన్నాయి. 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి సంస్థలు ఇల్లు లేని జంతువులను చేరదీసి దత్తత ఇస్తున్నాయి.

కుక్క పది పన్నెండేళ్ళు బతుకుతుంది. ఒకటో తరగతి పిల్ల కోసం తెచ్చిన కుక్కపిల్ల ఆ అమ్మాయి ఇంటర్ పరీక్షలు రాసేదాకా ఇంట్లో ఉంటుంది. అన్నేళ్ళ బంధానికి నెల రోజులు ఆగడం ఎక్కువేమీ కాదు. ఈ సెలవుల్లో పిల్లలు కుక్కపిల్ల కావాలంటే వద్దని కసరకండి. "పండగ వెళ్ళాక తెచ్చుకుందాం, ఈలోపు దాన్ని ఎలా చూసుకోవాలో నేర్చుకుందాం" అనండి. టీకాల ఖర్చు లెక్కేయండి, పనులు పంచుకోండి, ఊరెళ్ళినప్పుడు ఎవరు చూస్తారో మాట్లాడి పెట్టుకోండి. ఇవన్నీ కుదిరితే స్కూళ్ళు తెరిచిన తర్వాతి వారం పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళి తెచ్చుకోండి. ఇచ్చిన మాట నిలబెట్టుకోండి, ఎందుకంటే రేపు ఆ కుక్కకిచ్చిన మాటను పిల్లలు నిలబెట్టుకోవడం మనల్ని చూసే నేర్చుకుంటారు.