నాది – మనది

వీడియో ఆటలు పిల్లలను పాడుచేస్తున్నవన్న ఫిర్యాదు నేడు ఇంటింటా వినవస్తున్నది. చదువు సాగదని ఒకరు, కంటిచూపు చెడుతుందని ఒకరు, ఆటలో కార్లను అడ్డదిడ్డముగా తోలినవాడు రేపు నిజమైన రోడ్డు మీద కూడ అట్లే తోలునని మరొకరు అంటారు. వెనుక పేకాటను, ఆ తరువాత సినిమాను కూడ మనము ఇట్లే నిందించినాము. ఈ వాదంలో సత్యమెంతో తేల్చుట వైద్యుల పని, మనస్తత్త్వ శాస్త్రజ్ఞుల పని. భాష చెప్పుకొని బ్రతికేవాడికి ఈ ఆటల వ్యాపారంలో వేరొక సంగతి కంటగింపుగా ఉన్నది. అది "కొనుట" అనే మాటకు పట్టిన గతి. దానితోపాటే "నాది", "మనది" అనే మాటల అర్థాలు కూడ తారుమారవుతున్నవి. ఆటవలన పిల్లలకు కలిగే చేటుకంటె దీనివలన కలిగే చేటు తక్కువది కాదని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చూతము. ఫ్రాన్సు దేశపు యుబిసాఫ్ట్ అనే సంస్థ 2014 డిసెంబరులో "ది క్రూ" అనే ఆటను అమ్మకానికి పెట్టినది. అమెరికా దేశాన్నంతటినీ కుదించి చిత్రించి, ఆ రోడ్లమీద ఆటగాడు కార్లు తోలుకొంటూ పోయే విధంగా కూర్చిన ఆట అది. వెల చెల్లించి అనేక దేశాలవారు దానిని కొన్నారు. ఒంటరిగా ఆడుకొన్నా సరే, కంపెనీవారి సర్వరుతో సంబంధం లేనిదే ఆ ఆట సాగదు. 2023 డిసెంబరులో అమ్మకం ఆపినారు. 2024 మార్చి 31న సర్వర్లను మూసివేసినారు. ఆనాటితో ఆట ముగిసినది. అలమరలో డిస్కు ఉన్నది, సొరుగులో రసీదు ఉన్నది. ఆట మాత్రం లేదు. వారు కొన్నది ఆటను కాదనీ, ఆడుకొనుటకు అనుమతిని మాత్రమేననీ అప్పుడు గాని చాలామందికి తెలియలేదు.

పుస్తకాలకు కూడ ఈ గతి తప్పలేదు. అమెజాన్ సంస్థ కిండిల్ అనే చదువు పరికరానికి పుస్తకాలు అమ్ముతున్నది. 2009 జూలైలో జార్జి ఆర్వెల్ నవలలు "1984", "యానిమల్ ఫారం" ప్రతులు కొన్నింటిని, అమ్మకానికి పెట్టినవారికి ఆ హక్కు లేదన్న కారణంచేత, కొన్నవారి పరికరాలనుండి వారిని అడుగకయే తొలగించినది. డబ్బు తిరిగి ఇచ్చినమాట, తరువాత క్షమాపణ చెప్పినమాట నిజమే. కాని పుస్తకాల అంగడివాడు రాత్రివేళ మన ఇంట జొరబడి, అలమరలోని పుస్తకం తీసికొని, బల్లమీద డబ్బు పెట్టిపోతే మనము ఊరకుందుమా?

తెలుగులో "కొను" అన్నది చాల బలమైన ధాతువు. చేసికొను, వండుకొను, నేర్చుకొను అన్నప్పుడు అదే మరొక క్రియకు తోడుగా నిలిచి, ఆ పని ఫలం చేసినవానికే చెందునని తెలుపుతున్నది. వండుట వేరు, వండుకొనుట వేరు. కొనుట అనగా తనదిగా చేసికొనుట. మన పాత క్రయ దస్తావేజులలో దాన వినిమయ విక్రయాలకు యోగ్యముగా, పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించవలసినదని వ్రాసెడివారు. అది ఆడంబరం కొరకు వ్రాసినది కాదు. కొన్నవాడు దానిని ఇతరులకు ఇవ్వవచ్చును, మార్చుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును, బిడ్డలకు విడిచిపోవచ్చునని స్పష్టం చేయుటకే. ఆ హక్కులు లేనివాటికి మనకు వేరే మాటలున్నవి: అద్దె, కౌలు, తాకట్టు, ఎరువు. పెండ్లికి పొరుగింటి నగను ఎరువు తెచ్చుకొన్న ఇల్లాలు దానిని కొన్నానని చెప్పదు. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత ఆమెకు తెలుసును.

ఈ మాటలోని మోసాన్ని గుర్తించి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో ఒక చట్టం చేసినది. 2025 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చినది. అమ్మినవాడు తరువాత వెనుకకు తీసికొనగల ఆటలను, పాటలను, పుస్తకాలను, సినిమాలను అమ్మేటప్పుడు, ఇచ్చేది అనుమతి మాత్రమేనని స్పష్టంగా తెలుపకుండ "కొనండి" అన్న మాట వాడరాదని దాని సారాంశం. ఒక్క క్రియాపదం కొరకు శాసనసభ చట్టం చేయుట భాషోపాధ్యాయులు గమనింపదగిన విషయం. ఐరోపాలో ఈ మూతబడే ఆటలను గురించి సాగిన విన్నపానికి 2025 జూలైలో సంతకాలు 10 లక్షలు దాటినవి. సర్వరు నడుపుటకు ఖర్చగుననీ, దానిని శాశ్వతంగా నడుపుట ఎవరి తరము కాదనీ కంపెనీలవారి సమాధానం. అది న్యాయమే. అట్లయినచో ఇన్ని సంవత్సరాల అద్దె అని ముందే చెప్పవలెను. లేదా మూసివేసే నాడు సర్వరు లేకుండ ఆడుకొనే వీలు కల్పించి పోవలెను. అద్దెకిచ్చి అమ్మితిమనుట మాత్రం తగదు.

ఇట్లు మనది కావలసినది మనది కాకుండ పోతున్నది. ఆట విడిచి వీధిలోనికి వస్తే దీనికి సరిగా విపర్యయం కనబడుతున్నది. ఏ ఒక్కరిదీ కాని రోడ్డును ఎవరికివారు సొంతం చేసికొంటున్నారు. బండి కాగితాలలో మన పేరు ఉన్నది. రోడ్డుకు అట్టి కాగితం ఎవరి వద్దను లేదు. అయినను చుట్టు తిరిగి పోవలసివచ్చునని ఎదురుదిక్కున తోలుకొని వచ్చేవాడు, వీధికి అడ్డంగా పందిరి వేసేవాడు, దారి నడుమ బండి ఆపి ముచ్చటలాడేవాడు, అందరూ రోడ్డు తమ క్రయ దస్తావేజులో చేరినట్లే ప్రవర్తిస్తారు. రోడ్డుమీద ధాన్యం ఆరబోసే రైతుకు కళ్ళం లేని కష్టం మనకు తెలియనిది కాదు. కాని కుప్ప చుట్టూ పేర్చిన రాళ్లు చీకటిలో వచ్చే బండివానికి కనబడవు.

దీని ఫలితం కేంద్ర రవాణా శాఖ లెక్కలలోనే ఉన్నది. 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగినవి; 1,68,491 మంది మరణించినారు. చనిపోయినవారిలో నూటికి సుమారు 44 మంది ద్విచక్ర వాహనాలపై పోయేవారు. నూటికి 71 మరణాలకు మితిమీరిన వేగం కారణమని ఆ లెక్కలే చెప్పుతున్నవి. ఆటలో కారు పల్టీ కొడితే మీట నొక్కి మరల మొదలుపెట్టవచ్చును. రోడ్డుమీద ఆ మీట లేదు.

పదవ తరగతి చదివే కుర్రవానికి బండి తాళం ఇచ్చే తండ్రులను మనము ప్రతి ఊళ్లోను చూస్తున్నాము. "నా బండి, నా కొడుకు, మీకేమి?" అన్నది వారి ధోరణి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు ఇందుకు సమాధానం చేర్చినారు. మైనరు బండి తోలి నేరం చేసినచో సంరక్షకుడు లేదా బండి యజమాని దోషి అగును. వారికి 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. నాది అన్నవాడే జవాబుదారి కూడ కావలెనన్న ధర్మం ఇందులో ఉన్నది. అదే ధర్మం ఆటలు అమ్మే కంపెనీలకు కూడ వర్తింపవలదా? హక్కు తమ వద్దనే ఉంచుకొన్నవారు బాధ్యతను కొన్నవాని నెత్తిన వేయుట ఏమి న్యాయం?

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఒకనాటి వ్యాసరచనకు బదులుగా విద్యార్థులచేత మూడు వరుసల పట్టిక వ్రాయించండి: నాది, ఎరువుది, మనది. చేతి గడియారం, గ్రంథాలయపు పుస్తకం, ఫోనులోని ఆట, తండ్రి కొన్న మోటారు సైకిలు, బడిముందరి రోడ్డు, వీటిలో ఏది ఏ వరుసలోనికి వచ్చునో వారినే వాదించుకొననివ్వండి. ఆటను ఏ వరుసలో వ్రాయవలెనో తెలియక తికమకపడిన విద్యార్థి, మరొకసారి వెల చెల్లించబోయే ముందు షరతులు చదువుతాడు. రోడ్డును మూడవ వరుసలో తన చేతితో తాను వ్రాసికొన్నవాడు మలుపు వద్ద వేగం తగ్గించుటకు సిగ్గుపడడు. వీడియో ఆటలు మానుమని వంద పర్యాయాలు చెప్పుటకంటె ఈ ఒక్క పాఠం మేలని నా నమ్మకం.