దరఖాస్తులో దాచవలసిన దేమి?

"ఆ పాత కొలువు సంగతి వ్రాయకురా!" అని దరఖాస్తు నింపు కుమారునికి కొందరు పెద్దలు బోధింతురు. అది ప్రేమచే చెప్పిన మాటయే గాని, మేలు చేయు మాట కాదు.

మన యానాములో 2012 జనవరి నాటి అల్లర్ల పిమ్మట రీజెన్సీ సెరామిక్స్ కర్మాగారము మూతపడినది. వందలాది కుటుంబములు జీవనాధారమును కోల్పోయినవి. అచ్చటి పనివాడు వేరొకచోట ఆ పేరు చెప్పుటకు జంకిన జంకవచ్చును. కాని కర్మాగారము మూతపడుట వాని దోషమా? అచ్చట నేర్చిన పనితనము వాని సొత్తు. పేరు దాచినచో ఆ సొత్తును తానే పాతిపెట్టుకొనినట్లగును. ఖాళీగా కనబడు ఏండ్లు లేని అనుమానమును పుట్టించును.

దాచినను దాగదు. నేడు ప్రావిడెంటు ఫండు చందాదారునకు ఒకే సంఖ్య యుండును. మారిన కొలువులన్నియు దానిక్రిందనే చేరును. కేంద్ర ప్రభుత్వోద్యోగపు ధ్రువీకరణ పత్రములోనైతే, అసత్యము వ్రాసినను, సత్యము దాచినను అనర్హత కలుగునని ముందే హెచ్చరిక యుండును.

కొలువునుండి తొలగింపబడినవాడు సైతము కారణమును ఒక్క వాక్యములో చెప్పుట మేలు. అందువలన ఒక ఉద్యోగము తప్పిపోవచ్చును. అబద్ధముతో చేరినవానికో, ప్రతిదినము భయమే.

తల్లిదండ్రులారా! పిల్లల సెలవుచీటీలో లేని జ్వరమును వ్రాసి యియ్యకుడు. రేపటి దరఖాస్తుకు తొలిపాఠ మదియే.