‘అనాథ శవం’ అనకండి

2023 జూన్ 2న మన ఒడిశాలోనే బహనగా రైలు ప్రమాదం జరిగింది. ఒకే మృతదేహం తమదని ఒకటికి మించి కుటుంబాలు వచ్చాయి. డీఎన్‌ఏ పరీక్షతో కొన్ని తేలాయి. భువనేశ్వర్ ఎయిమ్స్‌లో నాలుగు నెలలు ఉంచిన 28 మృతదేహాలను మాత్రం ఎవరూ రాలేదని అక్టోబరులో దహనం చేశారు.

ఎవరూ రాకపోతే ఎవరూ లేనట్టేనా? ఇంటివాళ్లు వచ్చి నమూనా ఇస్తే ఆ పరీక్ష పేరు చెప్పగలదు. భాష రాని ఊరికి, ఏ ఆఫీసుకో తెలియకుండా, కూలి మానుకుని ఎలా వస్తారు?

ఇది పోలీసుల పని, సంఘానికెందుకు అనేవారిని అడుగుతున్నాం: ఉగాది పచ్చడి పంచడానికేనా సంఘం? తెలుగులో విని ఒడియాలో ఫిర్యాదు రాసిపెట్టే ఇద్దరు చాలు. వచ్చే సమావేశంలో పేర్లివ్వండి.