గోధుమ పడని పిల్లలు: స్పెషలిస్టు దాకా చేరడం ఎందుకింత కష్టం?

రెండేళ్ల పిల్లకు నెలల తరబడి విరేచనాలు. పొట్ట ఉబ్బి, కాళ్లుచేతులు సన్నబడి, బరువు పెరగదు. ముందు నులిపురుగుల మందు, తర్వాత ఐరన్ సిరప్, ఆపైన పాలు మానిపించడం. మూడు నాలుగు క్లినిక్‌లు తిరిగాక ఎవరో ఒక డాక్టర్ 'సీలియాక్ ఏమో' అంటారు. చాలా కుటుంబాలు ఆ మాట వినడం అదే మొదటిసారి.

గోధుమ, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళ్తే శరీర రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీసే జబ్బు ఇది. తిన్న తిండి ఒంటికి పట్టదు.

ఆలస్యానికి ఒక కారణం, ఇది ఉత్తరాది జబ్బు అన్న నమ్మకం. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో పెద్దవాళ్లను పరీక్షిస్తే ఉత్తరాదిలో 1.23 శాతం, దక్షిణాదిలో 0.10 శాతం మందిలో ఈ జబ్బుకు సంబంధించిన యాంటీబాడీలు రక్తంలో కనిపించాయి. అయితే ఈ జబ్బుకు దారితీసే జన్యువులు రెండు చోట్లా దాదాపు సమానమే. పెద్ద తేడా కంచంలో ఉంది. రోజుకు సగటున ఉత్తరాదిలో 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాదిలో 25 గ్రాములే. అది అన్నం తినేవాళ్ల లెక్క. మన ఇళ్లలో పరాఠా, నాన్, లుఖ్మీ, రంజాన్‌లో హలీం, ఈద్‌కు షీర్ ఖుర్మా మామూలే. అందుకే 'సౌత్‌లో ఇది ఉండదు' అని కొట్టిపారేయడం సరికాదు. అలాగని ప్రతి విరేచనమూ సీలియాక్ కాదు. పేగు టీబీ, జియార్డియా ఇన్ఫెక్షన్ కూడా ఇలాగే కనిపిస్తాయి.

రెండో కారణం, పిల్లల గ్యాస్ట్రో స్పెషలిస్టులు తక్కువ, ఉన్నవాళ్లూ ఎక్కువగా పెద్ద నగరాల్లోనే. జిల్లా నుంచి హైదరాబాద్ రావాలంటే బస్సు ఛార్జీలతో పాటు రోజు కూలీ కూడా పోతుంది. కానీ మొదటి రక్తపరీక్షకు స్పెషలిస్టు అక్కర్లేదు. టీటీజీ ఐజీఏ, టోటల్ ఐజీఏ రెండూ కలిపి రాయమని ఊళ్లోని పిల్లల డాక్టర్‌నే అడగొచ్చు. ఐజీఏ తక్కువున్న పిల్లల్లో మొదటి పరీక్ష ఒక్కటే చేస్తే జబ్బున్నా లేనట్టు రావచ్చు. రిపోర్టు చేతిలో ఉంటే కనీసం ఒక ప్రయాణం మిగులుతుంది. ఎండోస్కోపీ, బయాప్సీ అవసరమా అన్నది స్పెషలిస్టు తేలుస్తారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవాళ్లు ఏ ఖర్చు వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగడం మేలు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు, పరీక్షకు ముందే రోటీ మానిపించడం. గోధుమ ఆపేస్తే రిపోర్టు, బయాప్సీ రెండూ తప్పుదారి పట్టించొచ్చు. ఇప్పటికే ఆపేసి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి.

జబ్బు తేలితే గ్లూటెన్ జీవితాంతం మానాలి. బియ్యం, జొన్న, సజ్జ, రాగి తినొచ్చు. కానీ గోధుమ ఆడించిన గిర్నీలోనే జొన్నలు పట్టిస్తే లాభం లేదు. ప్యాకెట్ సరుకుపై 'గ్లూటెన్ ఫ్రీ' అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. 'ఒక్క ముక్క తింటే ఏమైతది' అనే దాదీ, నానీలకు కూడా డాక్టర్ చేతే చెప్పించాలి. అమ్మానాన్నలకు, తోబుట్టువులకు కూడా రక్తపరీక్ష చేయించాలి.

ప్రభుత్వం ఈ రక్తపరీక్షను ప్రతి జిల్లా ఆసుపత్రిలో అందుబాటులోకి తెస్తే, చాలామంది పిల్లలకు ఈ తిరుగుడు తప్పుతుంది.