బొంగరానికి రెండు భాషలు

పెరూ నవల అనగానే లోకం మారియో వర్గాస్ లోసా పేరు చెప్పి ఊరుకుంటుంది. 2010లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది; 2025లో ఆయన కన్నుమూసినాడు. ఆ ప్రతిభను శంకించవలసిన పని లేదు. ఒక్క పేరుతో ఒక దేశపు కథాసాహిత్యం లెక్క తేలిపోయినదనే తీర్పును మాత్రం తప్పక శంకించవలెను.

వర్గాస్ లోసా తొలి నవల 1963లో బార్సిలోనాలో అచ్చయినది. మూడేళ్లకే ఇంగ్లీషులోకి వచ్చినది. హోసే మరియా అర్గేదాస్ రచించిన 'లోతైన నదులు' 1958లో వెలువడినది; ఇంగ్లీషు రూపం దాల్చడానికి 1978 దాకా వేచివుండవలసి వచ్చినది. ఈ తారతమ్యాన్ని ప్రతిభతో కొలవడం అన్యాయం. లిమా నగరపు సైనిక పాఠశాల కథ ఐరోపా పాఠకునికి సుగమం. అర్గేదాస్ బాల్యంలో కెచువా మాట్లాడే సేవకుల నడుమ పెరిగినాడు. ఆయన స్పానిష్ వాక్యంలో కెచువా ఊపిరి ఆడుతుంది. దానిని వినడానికి వేరే చెవి కావలెను.

ఆ నవలలో పాఠశాల ముంగిట ఒక బొంగరం తిరుగుతుంది. దాని పేరు సుంబాయ్యు. ఆ మాట తొలి సగం ఝంకారమనే అర్థంగల స్పానిష్ ధాతువు. చివరి 'య్యు' చిన్ని రెక్కలు ఎగిరేటప్పుడు పుట్టే నాదానికి కెచువా పలుకు. ఆ ఝంకారం దూరాన వున్న తన తండ్రికి కబురు చేర్చగలదని ఎర్నెస్టో అనే బాలుడు నమ్ముతాడు. జయించినవారి భాషా, జయింపబడినవారి భాషా ఒకే బొంగరంలో తిరుగుతున్నవి. పెరూ చరిత్ర అంతా ఆ ఒక్క మాటలో ఇమిడి వున్నది.

ఇటువంటి రచనలు ప్రాంతీయములనీ, విశ్వజనీనములు కావనీ కొందరి వాదం. 1960 దశాబ్ది చివర, పారిస్‌లో స్థిరపడిన అర్జెంటీనా రచయిత హూలియో కోర్తాసర్‌తో అర్గేదాస్ ఈ విషయమై బహిరంగంగానే తలపడినాడు. పారిస్ వీధి విశ్వమూ, ఆండీస్ లోయ ప్రాంతమూ ఎట్లా అయినవి? 1941లో సీరో అలెగ్రియా తన నవలలో ఒక ఆదివాసి గ్రామం భూమిని పోగొట్టుకొన్న వైనం చెప్పినాడు. భూమి పోయిన దుఃఖానికి ఎల్లలు ఎవరు గీసినారు? సంతలో అమ్ముడైన సరుకును బట్టి ఊరి పంటను లెక్కగట్టరాదు.

పెరూ నవల తెలుగులోకి ఇంగ్లీషు మీదుగానే రావలసి వస్తే రావచ్చును. కాని అనువాదకుడు సుంబాయ్యును వట్టి 'బొంగరం' అని వ్రాసి సాగిపోతే, తెలుగు పాఠకునికి ఆట వస్తువు దక్కుతుంది. దాని నాదం దక్కదు.