ఊసరవెల్లికి తగిన ఇల్లు



చేను గట్టున ఊసరవెల్లి కనబడిన పిల్లలు ఊరకుండరు. ఒకరు సీసా తెత్తురు, ఒకరు అట్టపెట్టె తెత్తురు. "దీనికి ఎటువంటి గూడు కట్టవలెను?" అని పిల్లలు అడిగినప్పుడు తల్లిదండ్రులు ఏమి చెప్పవలెనో ఈ నెల వ్రాయదలచితిమి.

మొదట ఏది ఊసరవెల్లియో తెలిసికొందము. కంచెమీద తల ఆడించుచు, మనిషిని చూడగానే పరుగెత్తునది తొండ. ఊసరవెల్లి గాలికి ఊగు ఆకువలె ఊగుచు మెల్లగా నడచును. తోకను కొమ్మకు చుట్టును. రెండు కండ్లను రెండు దిక్కులకు త్రిప్పును. దానికి విషము లేదు, దాని ఊపిరివలన కీడును లేదు. లేవీయకాండము 11వ అధ్యాయములో దాని పేరున్నది గదా అని కొందరందురు. అది తినుటను, కళేబరమును ముట్టుటను గూర్చిన మాట. కనబడిన చోట రాళ్లతో కొట్టుమన్న మాట కాదు.

ఇక గూటి సంగతి. కొన్ని విదేశములలో యెమెన్ దేశపు ఊసరవెల్లిని చట్టప్రకారము పెంచుదురు. దానికి రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తుగల జాలిగూడు కావలెను. గాజుపెట్టెలో గాలి ఆడదు. అద్దములో తన రూపమునే చూచి, పగవాడని బెదరును. గిన్నెలోని నీళ్లను సాధారణముగా త్రాగదు. ఆకులమీది బొట్లనే నాకును. ఎండ సోకనిచో ఎముకలు మెత్తబడును. బ్రదికియున్న పురుగులు కావలెను. ఒక గూటిలో రెండింటిని పెట్టరాదు. ఆడది నేలకు దిగి, మట్టి త్రవ్వి గ్రుడ్లు పెట్టును. మట్టి దొరకనిచో గ్రుడ్లు కడుపులో నిలిచి చచ్చిపోవచ్చును.

మాట మార్చువానిని ఊసరవెల్లి అందుము గాని, అది రంగు మార్చునది మోసమునకు మాత్రమే కాదు. చలి, ఎండ, భయము, కోపము దాని చర్మముమీద కనబడును. చర్మములోని సూక్ష్మమైన స్ఫటికములు ఎడమైనప్పుడు రంగు మారునని, మడగాస్కరు దేశపు జాతిని పరిశీలించి జెనీవా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2015లో తెలిపిరి. సీసాలో అది నల్లబడినచో, పిల్లలకు అది వింత. దానికి అది బాధ.

ఇప్పుడు ఆలోచించండి. ఎత్తు, గాలి, ఎండ, మంచుబొట్లు, పురుగులు, మెత్తని మట్టి, ఏకాంతము: ఇవన్నియు మన చేను గట్టుమీది వేపచెట్టున, కంచె పొదలో ఖర్చు లేకుండ ఉన్నవి. అంతకంటె మంచి గూడు ఏ వడ్రంగి చేయగలడు?

చట్టము కూడ ఇదే చెప్పుచున్నది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన ఊసరవెల్లిని పట్టుట, ఇంట ఉంచుట, అమ్ముట నేరము. జైలు శిక్షయు పడవచ్చును. రామచిలుకను పంజరములో ఉంచుటయు నేరమేనని మన ఇండ్లలో చాలమందికి తెలియదు.

కాబట్టి గట్లమీది పొదలను పూర్తిగా నరకకండి, నిప్పు పెట్టకండి. 65వ జాతీయ రహదారివంటి రోడ్డుమీద ఊసరవెల్లి కనబడినచో, బండ్లు రానప్పుడు పెద్దవారు ఒక కర్రను దాని ముందుంచవలెను. అది కర్ర ఎక్కిన తరువాత, అది వెళ్లుచున్న వైపుననే పొదమీద విడువవలెను. గాయపడినదైతే అటవీశాఖవారికి తెలుపండి. పిల్లలు దానిని చూడవలెనని కోరినచో, సీసా ఇవ్వక, చెట్టు క్రిందికి తీసికొని వెళ్లి కూర్చుండబెట్టండి. శరీరమంత పొడవైన నాలుకతో అది ఈగను పట్టుట ఒక్కసారి చూచిన పిల్లవాడు మరి రాయి ఎత్తడు.